పదిహేడో లైటు

ఆ కోల్డ్ స్టోరేజీ ఆఫీసు వెనక ఒక గది ఉంది. పాత ఫోన్ ఎక్స్చేంజి పెట్టిన గది. రాత్రిపూట అందులోకి వెళ్ళమంటే వాచ్‌మన్ కూడా చేతులెత్తి దణ్ణం పెట్టేవాడు. ఎందుకంటే సరిగ్గా రెండింటికి బోర్డు మీద పదిహేడో లైటు వెలుగుతుంది... బజరు మోగుతుంది. ఎత్తితే మాట ఉండదు. టప్... టప్... అని ఒక చప్పుడు, అంతే.

పదిహేడంటే ఐస్ గది లోపలి ఫోను; అక్కడ రిసీవరు ఎత్తితే ఇక్కడ ఆ లైటు వెలగాలి. నాలుగేళ్ళ కిందట ఆ గదిలోనే, తలుపు బిగుసుకుపోయి, ఒక లోడింగు మనిషి చచ్చిపోయాడు. 'పొడుగు' అనేవాళ్ళు అతన్ని. తెల్లారి తలుపు తీస్తే రిసీవరు వేలాడుతోంది. ఆ రోజు రాత్రి నుంచే లైటు మొదలైంది. ఇంకేం కావాలి, వాడే పిలుస్తున్నాడన్నారు.

ఇదంతా నాకు చెప్పింది ఆ ఎక్స్చేంజి మార్చడానికి వెళ్ళిన మెకానిక్కు. చెబుతుంటే ఇప్పటికీ పళ్ళు పటపటా కొరుకుతాడు.

పొడుగు పోయిన రాత్రి బోర్డు ముందు డ్యూటీ ఆపరేటరమ్మది. "ఫోను బాగానే ఉంది, ఈవిడే నిద్రపోయింది," అని మేనేజరు తేల్చేశాడు. విచారణకొచ్చినవాళ్ళ ముందు ఐస్ గదిలో రిసీవరు ఎత్తించి చూపించాడు కూడా. లైటు భేషుగ్గా వెలిగింది. పొడుగు భార్య అందరి ముందూ ఆమె చెయ్యి పట్టుకుని గుంజింది. "నా మొగుడు పిలుస్తుంటే నీకు నిద్రెలా పట్టిందే?"

నిద్రపోలేదని ఎంత మొత్తుకున్నా నమ్మినవాడు లేడు. చివరికి ఆమెకే అనుమానం పట్టుకుంది... కునుకు తీశానేమో? నాలుగేళ్ళు! తనని తానే నమ్మకుండా నాలుగేళ్ళు బతకడమంటే మాటలా!

రోజూ లైన్లు తెగిపోయి కస్టమర్లు దుమ్మెత్తిపోస్తుంటే, ఎట్టకేలకు కొత్త సిస్టమ్ కొన్నారు. పగలు ఫోన్లు ఆపలేరు కనక పని రాత్రికి పెట్టారు. ఏ తీగ ఏ గదిదో తెలిసింది ఆపరేటరమ్మకొక్కదానికే. "దగ్గరుండి చూడు," అన్నాడు మేనేజరు. "తెల్లారేలోపు పాత పెట్టె తుక్కు బండి ఎక్కాలి. లోపల కెలకొద్దు."

రెండు కావస్తోంది. కొత్త ఫోన్లన్నీ పలుకుతున్నాయి. పాత పెట్టెలో మిగిలింది పదిహేడొక్కటే — ఆమె కావాలనే దాన్ని చివరికి ఉంచింది.

ఎర్ర లైటు వెలిగింది. బజరు...

మెకానిక్కు చేతిలో స్క్రూడ్రైవరు కింద పడింది. ఆమె మాత్రం విసురుగా రిసీవరు లాక్కుంది.

"ఏరా, చచ్చీ నన్ను సాధిస్తావా? ఆ రోజు నిజంగా పిలిచావా నువ్వు? పిలిస్తే నాకెందుకు వినపడలేదు? చెప్పు!"

టప్... టప్...

మెకానిక్కు రిసీవరు అందుకుని చెవికి ఆనించుకున్నాడు. చాలాసేపు విన్నాడు.

"అక్కా," అన్నాడు గుసగుసగా. "ఈ టైముకి ఐస్ కరిగించడానికి మిషన్ ఆపుతారా?"

"రోజూ ఆపుతారు."

"అయితే ఇవి నీళ్ళు. కరిగి ఫోనులోకి దిగుతున్నాయి. లోపల తీగలు తడిస్తే ఎవరో రిసీవరు ఎత్తారనుకుంటుంది ఈ బోర్డు."

ఆమె ఆ ఎర్ర లైటు వంక చూసింది.

"వాడు పోకముందూ ఇలాగే వెలిగేది తమ్ముడూ. నేనే కంప్లయింట్ రాశాను. బాగుచేయించానన్నాడు మేనేజరు. నిజమే, తర్వాత నెల రోజులు వెలగలేదు..."

"అదే పాత తీగ, అదే పాత ఫోను. మరి ఎలా ఆగింది?" అన్నాడు మెకానిక్కు.

కెలకొద్దన్న పెట్టె వెనక తలుపు ఊడదీశాడు. పాత మెకానిక్కులకి ఒక అలవాటుంది — ఏ పని చేసినా లోపల వేలాడే అట్టముక్క మీద తేదీ వేసి రాస్తారు, తర్వాత వచ్చేవాడి కోసం. దుమ్ము ఊది టార్చి వేశాడు.

'పదిహేడు. లైటు, బజరు తీసేశాను. మేనేజరు గారు చెప్పారు.'

నెల తర్వాతి తేదీతో, అదే చేతిరాత:

'పదిహేడు. లైటు, బజరు మళ్ళీ కలిపాను. మేనేజరు గారు చెప్పారు. ఉదయం ఏడు గంటలు.'

ఆ రెండో తేదీ... పొడుగు శవాన్ని బయటికి తీసిన రోజు.

అంటే వాడు పిలిచాడు. వేళ్ళు కొయ్యబారేదాకా పిలిచే ఉంటాడు. ఇక్కడ వెలగడానికి లైటు లేదు, మోగడానికి బజరు లేదు. ఆమె కళ్ళు చించుకుని చూస్తూ కూర్చున్నది చచ్చిన బోర్డుని!

"మేనేజరు తన పాపం తెచ్చి నా నెత్తిన రుద్దాడు," అంది ఆమె.

కొత్త ఫోను మోగింది. తెర మీద మేనేజరు నంబరు.

"అయిందా? తుక్కు బండి పంపమంటావా?"

"దెయ్యం దొరికింది సార్."

"ఏ... ఏమంటోంది?"

"మీ పేరే చెబుతోంది. తేదీతో సహా."

ఆమె ఠపీమని పెట్టేసింది.

అట్టముక్క తెంపి బ్యాగులో దాచుకుంది. మళ్ళీ ఫోను తీసి, చూడకుండానే ఒక నంబరు నొక్కింది. పొడుగు పోయిన పొద్దున వాళ్ళింటికి కబురు చెప్పింది తనే, ఆ నంబరు మర్చిపోతే కదా. చాలాసేపు మోగాక నిద్రమత్తు గొంతు ఒకటి పలికింది.

"చెల్లీ... నేను, ఆపరేటర్ని. పెట్టేయకు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు."