లెక్కలు రాని జింకలు

మా ఇంటి వెనక స్థలమంతా చెట్లే. మధ్యలో కాస్త గడ్డి ఉన్న ఖాళీ జాగా ఉంది. పొద్దువాలితే అక్కడికి జింకలు మేతకొస్తాయి. వాటిని చూడ్డానికని మా ఆయన ఆ జాగా అంచున ఓ చెక్క గది కట్టారు. లోపల కూర్చోడానికి ఒక బల్ల, ముందు గోడకి జానెడు కిటికీ, అంతే.

గదిలోకి మనిషి వెళ్ళడం చూస్తే జింకలు చెట్లు దాటి రావు. అందుకని ఇద్దరం వెళ్ళేవాళ్ళం. నన్ను కూర్చోబెట్టి ఆయన తిరిగొచ్చేసేవారు. మనుషులు వెళ్ళిపోయారనుకుని అవి బయటికొచ్చేవి.

"వాటికీ లెక్కలు రావే, నీలాగే," అనేవారు.

ఆయన ఉండకపోవడానికి కారణం దగ్గు. ఏ మందుకీ లొంగని దగ్గు. పాపం, గది కట్టిన మనిషి వరండా కుర్చీలో కూర్చుని, నేను రాగానే "ఎన్నొచ్చాయే?" అని అడిగేవారు. ఒక్కసారైనా పక్కపక్కన కూర్చుని చూడాలని నాకెంత ఆశో. చివరికి ఆ దగ్గే ఆయన్ని తీసుకుపోయింది.

ఆయన పోయాక ఓ సాయంత్రం ఇంట్లో ఉండలేక, ఆ కుర్చీని ఓసారి తడిమి ఒక్కదాన్నే వెళ్ళాను. తలుపు మూశానో లేదో, జింకలు వచ్చేశాయి. మర్నాడూ అంతే. అప్పుడు అర్థమైంది. నాతోపాటు వచ్చిన మనిషి వెనక్కి వెళ్ళడం అవి చూశాయి... నేను చూడలేదు. ఆ రాత్రంతా ఏడ్చాను.

తర్వాత రోజూ అలాగే కుర్చీని తడిమి వెళ్ళేదాన్ని. చివరికి చెల్లెలు నన్ను తీసుకెళ్ళడానికి వచ్చింది.

"ఈ అడవిలో ఒక్కదానివే ఏం చేస్తావక్కా? పొద్దున్నే వెళ్ళిపోదాం."

తను చూస్తే కదలనివ్వదని ఆ సాయంత్రం వరండా వైపు పోకుండా వంటింటి తలుపు తీసుకుని వెళ్ళాను. గదిలో కూర్చుని గుసగుసగా బతిమాలాను.

"ఇవాళ వెళ్ళకండి. దగ్గొస్తే రానివ్వండి. నా పక్కన కూర్చోండి."

జింకలు రాలేదు.

చెట్ల కింద చీకటి చిక్కబడింది. తడి ఆకుల వాసన. ఎక్కడో పుల్ల విరిగింది... బల్ల రెండో కొన కిర్రుమని కాస్త కిందికి దిగింది.

"వచ్చారా?"

దగ్గు ఆపుకుంటున్నట్టు గొంతులో గురగుర... చల్లటి ఊపిరి నా మెడ మీద... కోరుకున్నది నేనే. అయినా తల తిప్పలేకపోయాను. తలుపు తోసుకుని బయటపడ్డాను.

సగం దూరం వచ్చి వెనక్కి చూశాను. జింకలు మేస్తున్నాయి. అంతలో గదిలోంచి దగ్గు... అన్నీ ఒక్కసారిగా చెదిరిపోయాయి. నేనూ పరుగెత్తాను. ఉండమని బతిమాలి, తీరా ఉంటే పారిపోతున్నానని ఏడుస్తూనే పరుగెత్తాను.

వరండా మెట్ల దగ్గర ఆగిపోయాను. లోపల చెల్లెలు సామాన్లు సర్దుతున్న చప్పుడు. కుర్చీ ఖాళీగానే ఉంది. కుర్చీలోంచి మాత్రం, నాకు బాగా తెలిసిన గొంతు, చిన్నబుచ్చుకున్నట్టు...

"నీకోసం ఇక్కడే కూర్చున్నానే. ఇవాళ నన్ను వదిలేసి ఒక్కదానివే వెళ్ళావేం?"

నా వెనక, చెట్ల దగ్గర, మళ్ళీ దగ్గు వినిపించింది.