గళ్ళకాగితం వెనకవైపు

మధ్యాహ్నం పన్నెండున్నరకి ఇద్దరు ఆడవాళ్ళు రోడ్డు దాటుకుని ప్రైవేటు డిటెక్టివ్ కోదండరామయ్య ఆఫీసు మెట్లెక్కారు. ముందు వస్తున్న పెద్దావిడ మెడలో ఎర్ర రిబ్బను బ్యాడ్జీ ఉంది. ఆవిడ వెనకాల ముప్ఫయ్యేళ్ళ మనిషి, పసుపు రిబ్బనుతో, చెమటలు కక్కుతూ వస్తోంది. 2006 మే నెల, రోహిణీ కార్తె. ఏలూరులో అందరికీ చెమటలే. కానీ ఆ అమ్మాయివి ఎండకి పట్టిన చెమటలు కావు.

"జ్ఞానప్రసూనాంబగారు సార్! మహాసభ కార్యదర్శి" అంది అసిస్టెంటు తులసి, కుర్చీలోంచి లేచి.

ఎదురుగా ఉన్న కల్యాణమండపంలో మూడు రోజుల తెలుగు సైన్స్ ఫిక్షన్ మహాసభ జరుగుతోంది. నిన్న తులసి సెలవు పెట్టి మరీ వెళ్ళొచ్చింది. గేటు దగ్గర పంచిన 'మొదటిసారి వచ్చేవారికి' అనే కరపత్రాన్ని పొద్దున్నించి మూడుసార్లు చదివి వినిపించింది. ఒకేసారి నాలుగు గదుల్లో నాలుగు చర్చలు ఉంటాయి, అన్నీ చూడాలని పరిగెత్తకండి. మెత్తటి చెప్పులు వేసుకోండి. వేషం వేసుకున్నవాళ్ళని అడక్కుండా ముట్టుకోకండి. పసుపు రిబ్బను పెట్టుకుంటే కొత్తవాళ్ళని తెలిసి పాతవాళ్ళే వచ్చి పలకరిస్తారు. రెండువేల మందిలో తప్పిపోయినట్టు అనిపిస్తే భయపడకండి, మొదటిరోజు అందరికీ అలాగే ఉంటుంది.

"పెళ్ళికి వెళ్ళేవాళ్ళక్కూడా ఇలాంటి కాగితం ఒకటి పంచితే బాగుణ్ణు" అన్నాడు కోదండరామయ్య. ఆయన జన్మలో ఒక్క సైన్స్ ఫిక్షన్ కథ కూడా చదవలేదు. అది తులసికి ఆయనలో కనిపించిన ఒకే ఒక్క లోపం.

జ్ఞానప్రసూనాంబ తాడేపల్లిగూడెంలో ఫిజిక్సు లెక్చరరుగా చేసి రిటైరైన మనిషి. సూటిగా విషయంలోకి వచ్చింది.

"ఈ అమ్మాయి పేరు మునీరా అండీ. తంగెళ్ళమూడిలో ఉంటుంది, స్కూల్లో లెక్కలు చెబుతుంది. మా ముఖ్య అతిథి భాస్కరరావుగారి 'తొమ్మిదో నక్షత్రానికి దారి' నవల ఉంది కదా, అందులో ఓడ ప్రయాణించే నక్షత్రాల పటం ఉంటుంది. దాని అసలు కాగితాన్ని ప్రదర్శన గదిలో అద్దాలపెట్టెలో పెట్టాం. పదకొండున్నరకి అది పోయింది. ఈవిడే తీసిందని భాస్కరరావుగారు అందరిముందూ వేలెత్తి చూపించారు. నాలుగింటికల్లా దొరక్కపోతే పోలీసు కంప్లయింటు ఇస్తారట."

"తీశావా అమ్మా?" అనడిగాడు కోదండరామయ్య.

"లేదండీ. కేసు పడితే నా ఉద్యోగం పోతుందండీ. అంతకన్నా, యూసుఫ్ కూతురు ఇలాంటిదా అంటారు. మా నాన్న పేరు అలా ఎవరి నోటా పడకూడదండీ."

"మరి ఈ సభకి ఎందుకొచ్చావు? నవలలంటే ఇష్టమా?"

మునీరా తల దించుకుని, మళ్ళీ ఎత్తింది. "పగ తీర్చుకుందామని వచ్చానండీ."

జ్ఞానప్రసూనాంబ ఉలిక్కిపడి ఆమె వైపు తిరిగింది. కోదండరామయ్య మాత్రం ఫ్యాను వేగం పెంచమని తులసికి సైగ చేసి, "చెప్పమ్మా" అన్నాడు.

మునీరా తండ్రి యూసుఫ్ తివాచీలు నేసేవాడు. పగలు మగ్గం మీద ముళ్ళు వేసి, సాయంత్రాలు కథలు రాసుకునేవాడు. కాగితం కొనే స్తోమత లేక, పని అయిపోయిన డిజైను కాగితాల వెనకవైపు రాసేవాడు. 1984లో ఒక నవల పూర్తిచేసి, నక్షత్రాల పటం కూడా గళ్ళకాగితం మీద తనే గీసి, అభిప్రాయం చెప్పమని మొత్తం కాగితాల కట్టని భాస్కరరావుకి రిజిస్టరు పోస్టులో పంపాడు. 'ఇంకా సాధన చేయండి' అని కార్డుముక్క వచ్చింది. కట్ట తిరిగి రాలేదు. మరుసటేడు అదే కథ భాస్కరరావు పేరుతో వారపత్రికలో సీరియలుగా వచ్చింది. యూసుఫ్ మళ్ళీ కలం పట్టలేదు. చెప్పినా నమ్మేవాళ్ళు లేరని బయటివాళ్ళెవరికీ చెప్పలేదు కూడా. ఆరేళ్ళకి పోయాడు.

"కథంతా ఆయన తన చేత్తో తిరగరాసుకుని ఉంటాడండీ. పటం మాత్రం గీయడం రాక, మా నాన్న గీసిందే అలాగే దాచుకున్నాడు. పొద్దున పదింటికి దాన్ని చూశాను. వెనకవైపు ఏముందో నాకు తెలుసండీ. అది నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా నాన్న నేసిన తివాచీ డిజైను. పైన 786 అని వేసి, కింద సంతకం చేసి, తారీఖు వేసేవాడు. అందుకే ఈవిడ్ని అడిగాను, వెనక్కి తిప్పి చూపిస్తారా అని."

"అవునండీ" అంది జ్ఞానప్రసూనాంబ. "రేపు ముగింపు సభలో అందరిముందూ తిప్పి చూపిద్దామన్నాను. పక్కనే భాస్కరరావుగారు కూడా ఉన్నారు. తప్పకుండా అని నవ్వారు."

"నవ్వారూ" అన్నాడు కోదండరామయ్య. ఆయన గొంతు మారింది. తులసికి ఆ గొంతు తెలుసు. ఎదటివాడికి ఇక మంచిరోజులు అయిపోయాయని దాని అర్థం.

మండపం గేటు దగ్గర బయటికి వెళ్ళేవాళ్ళ సంచులన్నీ వెతుకుతున్నారు. లోపల నాలుగు చేతుల రాక్షసుడొకడు మజ్జిగ తాగుతున్నాడు. ఇద్దరు అంతరిక్ష యాత్రికులు కాలంలో వెనక్కి వెళ్ళడం సాధ్యమా కాదా అని గొంతు చించుకుంటున్నారు. ప్రదర్శన గది గుమ్మం దగ్గర కాపలా ఉన్న వాలంటీరు వెంకట్రాజుది కైకలూరు. అక్కడ చేపల మేత దుకాణం. భాస్కరరావు నవల మొదటినించి చివరిదాకా అతనికి కంఠతా వచ్చు.

"పదకొండింటికి వేషాల ఊరేగింపు మొదలైందండీ. జనమంతా హాల్లోకి వెళ్ళిపోయారు. అప్పుడు అట్టపెట్టెలకి వెండికాగితం అంటించుకున్న మరమనిషి ఒకడు వచ్చాడండీ. మెడలో పసుపు రిబ్బను ఉంది."

"మాట్లాడాడా?"

"లేదండీ. గుమ్మం తోరణం తలకి తగులుతుంది, వంగండీ అన్నా వినలేదు. మామిడాకులన్నీ రాల్చేశాడు. కొత్తవాడు కదా, పైగా వేషంలో ఉన్నవాణ్ణి ముట్టుకోకూడదని ఊరుకున్నాను. వాడు వెళ్ళిన అయిదు నిమిషాలకి లోపలికి చూస్తే పెట్టె ఖాళీ. వెంటనే గేటు మూయించేశానండీ. ఆ వేషం మేకప్ గది వెనకాల దొరికింది. మేకప్ గదిలో ఎవరూ వాడకుండా పడున్నదేనండి అది."

పెట్టె మూతకి రెండే స్క్రూలు. పావలా బిళ్ళతో విప్పచ్చు. పసుపు రిబ్బన్లు గేటు దగ్గర పళ్ళెంలో పోసి ఉన్నాయి. ఎవరైనా తీసుకోవచ్చు. కోదండరామయ్య మునీరాని గుమ్మం కింద నిలబెట్టాడు. తోరణానికీ ఆమె తలకీ మధ్య మూరెడు ఖాళీ ఉంది. అట్టపెట్టె టోపీ పెట్టుకున్నా అందదు.

"ఆ టైములో నువ్వెక్కడున్నావమ్మా?"

"హాల్లోనేనండీ. చీకట్లో పక్కన ఎవరున్నారో నాకూ తెలీదు, నేనెవరో వాళ్ళకీ తెలీదు."

భాస్కరరావు భోజనాల దగ్గర దొరికాడు. ఆరడుగుల పొడవు, తెల్ల జుట్టు, వెడల్పాటి నవ్వు. చుట్టూ పాతికమంది అభిమానులు ఈగల్లా మూగి ఉన్నారు. ఎడమ చంకలో మడతపెట్టిన శాలువా ఇరికించుకుని, కుడిచేత్తో పులిహోర తింటున్నాడు.

"ఊరేగింపు జరుగుతున్నప్పుడు తమరెక్కడున్నారండీ?"

"నా గదిలో నడుం వాల్చానండీ. మేకప్ గది పక్కదే. ఆ ఒక్క అరగంటే తీరిక దొరికింది. వీళ్ళు నన్ను బాత్రూముకి కూడా ఒంటరిగా వెళ్ళనివ్వరు." అభిమానులు గర్వంగా నవ్వారు.

"మునీరాగారి మీదే అనుమానం ఎందుకండీ?"

"కాగితం గురించి లేనిపోనివి వాగింది ఆవిడే కదా! ఎక్కడో అక్కసు ఉంది. కొత్తగా వచ్చేవాళ్ళలో ఇలాంటివాళ్ళు కూడా ఉంటారు, కోదండరామయ్యగారూ."

బయటికొచ్చాక కోదండరామయ్య తులసిని అడిగాడు. "నిన్న ఆయనకి శాలువాలు కప్పారా?"

"రెండు సార్! స్టేజీ దిగుతూనే ఒకటి స్వీపరమ్మకి, ఒకటి వాచ్‌మన్‌కి ఇచ్చేశారు. ఎంత మంచి మనసో అనుకున్నాను."

"ఇవాళ?"

"పొద్దున ఒకటి కప్పారు." తులసి ఆగిపోయింది. "సార్, ఇంత ఎండలో..."

"మూడున్నరకి అందరినీ హాల్లో కూర్చోపెట్టమని కార్యదర్శిగారితో చెప్పు."

మూడున్నరకి హాలు నిండిపోయింది. వేదిక మీద భాస్కరరావు, జ్ఞానప్రసూనాంబ, వెంకట్రాజు కూర్చున్నారు. మునీరా ఒక పక్కగా నిలబడింది. ఆమెని చూసి కొందరు 'దొంగ' అని గొణిగారు. కోదండరామయ్య మైకు తీసుకున్నాడు.

"కాగితం దొరికింది. ఎక్కడుందో చెప్పేముందు ఎందుకు పోయిందో చెబుతాను. ఆ పటం ప్రతి పుస్తకంలోనూ అచ్చయింది. కాబట్టి ముందువైపు కోసం ఎవరూ దొంగతనం చెయ్యరు. దొంగకి కావలసింది వెనకవైపు. అది చూపించమని అడిగింది మునీరాగారు. రేపు మీ అందరికీ చూపిస్తామన్నారు. చూడాలనుకున్న మనిషి ఒక్క రోజు ఓపిక పడితే చాలు. ఎవరూ చూడకూడదనుకున్న మనిషికే ఇవాళ తొందర.

"మరమనిషి వేషంలో వచ్చినవాడు గుమ్మం తోరణం రాల్చేంత పొడగరి. మునీరాగారికి ఆ తోరణం చెయ్యెత్తినా అందీ అందనట్టు ఉంటుంది. పసుపు రిబ్బను ఆవిడ మీదకి నేరం నెట్టడానికి పెట్టుకున్నది. ఇక ఆ దొంగ కాగితాన్ని ఎందుకు తగలబెట్టలేదు? అయిదు నిమిషాల్లో వెంకట్రాజుగారు గోల చేసి గేటు మూయించారు. ఆ తరవాత దొంగకి ఒంటరిగా ఒక్క నిమిషం దొరకలేదు. మనలాంటివాళ్ళమైతే ఏ మూలకో పోయి చింపేస్తాం. రెండువేలమంది వెంటపడే మనిషికి అది కుదరదు. వెంట పెట్టుకు తిరగాలి. ఎవరూ వెతకని చోట పెట్టుకు తిరగాలి."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. కోదండరామయ్య చెయ్యెత్తి ఆపాడు.

"అది తరవాత. ముందు ఒక మర్యాద ఉంది. ఇంత పెద్ద సభకి మొదటిసారి వచ్చిన ఆడపిల్లని అందరం కలిసి దొంగని చేశాం. శాలువా కప్పి క్షమాపణ చెప్పుకోవాలి. భాస్కరరావుగారూ, వేలు చూపించింది మీరే కాబట్టి మీ చేతులమీదుగానే జరగాలి. ఆ చంకలో ఉన్నది విప్పి కప్పండి."

జనం చప్పట్లు కొట్టారు. భాస్కరరావు లేవలేదు.

"ఇది... ఇది వాడిందండీ. కొత్తది తెప్పిద్దాం."

"నిన్న రెండు కొత్తవి దిగుతూనే ఇచ్చేశారు కదండీ. ఇవాళ వాడిందాని మీద ఇంత మమకారమేమిటి?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, భాస్కరరావు శాలువాని రెండు చేతులతో గుండెకి అదుముకున్నాడు. అంతమంది ఎదుట అది చాలు. వెంకట్రాజు లేచి, తను దేవుడిలా కొలిచిన మనిషి చేతుల్లోంచి దాన్ని లాగేశాడు. మడత విడింది. చుట్టచుట్టిన గళ్ళకాగితం వేదిక మీద దొర్లింది.

జ్ఞానప్రసూనాంబ దాన్ని తిప్పి మైకులో చదివింది. "పైన 786. తివాచీ డిజైను. కింద షేక్ యూసుఫ్, తంగెళ్ళమూడి, 11-2-1984."

"చిత్తుకాగితం ఎక్కడో కొన్నాను!" అని అరిచాడు భాస్కరరావు. "వెనక ఎవడిదో సంతకం ఉంటే పటం వాడిదవుతుందా?"

"అయితే మీ పటం మీరు చదివి చూపించండి" అన్నాడు కోదండరామయ్య.

ఆ పటం గురించి అభిమానులు ఇరవయ్యేళ్ళుగా కొట్టుకు చస్తున్నారు. నవలలో చెప్పిన వరుసలూ గళ్ళూ లెక్కపెట్టుకుంటూ వెళితే ఓడ ఒక్కసారి కూడా నక్షత్రం మీద ఆగదు, అన్నిసార్లూ ఖాళీ గడిలోనే తేలుతుంది. అడిగినప్పుడల్లా భాస్కరరావు, 'విశ్వం మన లెక్కలకి అందదని చెప్పడమే నా ఉద్దేశం' అనేవాడు. దానిమీద వ్యాసాలు కూడా వచ్చాయి. ఇప్పుడు మాత్రం ఆయన గుమ్మం వైపు చూశాడు.

మునీరా మొదటిసారి మైకు దగ్గరికి వచ్చింది. "మీరంతా పైనించి లెక్కపెడుతున్నారండీ. తివాచీ కిందనించి నేస్తారు. మగ్గం మీద మొదటి వరుస అంటే అన్నిటికన్నా కిందది. మా నాన్నకి వేరేలా లెక్కపెట్టడం తెలీదు. ఈయన కథ ఎత్తుకెళ్ళాడు గాని, మగ్గం ముందు ఎప్పుడూ కూర్చోలేదు. వెంకట్రాజుగారూ, నవలలో ఉన్నట్టు చెప్పండి."

"నాలుగో వరుస, తొమ్మిదో గడి" అన్నాడు వెంకట్రాజు.

ఆమె కిందనించి లెక్కపెట్టి వేలు పెట్టింది. నక్షత్రం.

"పదకొండో వరుస, మూడో గడి."

నక్షత్రం. మూడోదానికి హాల్లో సగంమంది తమ పుస్తకాలు తెరిచి కిందనించి లెక్కపెడుతున్నారు. తొమ్మిదోదానికి అందరూ లేచి నిలబడ్డారు. అప్పటిదాకా 'దొంగ' అని గొణిగిన నోళ్ళే ఇప్పుడు గట్టిగా అరుస్తున్నాయి, వేలు మాత్రం వేరేవైపు తిరిగింది.

భాస్కరరావు చేతులు జోడించాడు. "అమ్మా, తరవాతి ముద్రణలో మీ నాన్నగారి పేరు కూడా వేయిస్తాను. ఆయన పేరే ముందు వేయిస్తాను. ఇక్కడితో వదిలెయ్యి."

"రచయితగా మా నాన్న పేరొక్కటే ఉండాలండీ" అంది మునీరా. ఆమె కళ్ళలో తడి లేదు. "మీ పేరు తీసెయ్యొద్దు. కింద ఉంచండి. పక్కన 'దొంగిలించినవాడు' అని వేయించండి."

"మరి ఇప్పటికే కొన్న పుస్తకాల మాటేమిటి?" అని ఎవరో వెనకనించి అరిచారు.

జ్ఞానప్రసూనాంబ గడియారం చూసింది. కార్యక్రమం ప్రకారం నాలుగింటికి భాస్కరరావు పాఠకుల పుస్తకాల మీద సంతకాలు చెయ్యాలి. ఆవిడ బల్ల వేయించి, ఆయన్ని కూర్చోపెట్టించి, పక్కన మునీరాకి ఇంకో కుర్చీ వేయించింది. ఆయన లేవబోయాడు.

"కూర్చోండి" అన్నాడు కోదండరామయ్య చల్లగా. "రాయనంటే పోలీసు కంప్లయింటు మునీరాగారు ఇస్తారు. నాలుగింటికి గడువు పెట్టింది మీరేగా."

వరసలో మొదట వెంకట్రాజు నిలబడ్డాడు. అట్టలు ఊడిపోయిన తన ప్రతిని తెరిచి, భాస్కరరావు పేరు మీద వేలు పెట్టి, "రాయండి సార్" అన్నాడు. భాస్కరరావు చుట్టూ చూశాడు. ఎవరూ మొహం తిప్పుకోలేదు. పైన షేక్ యూసుఫ్ పేరు రాశాడు. తన పేరు పక్కన ఆమె చెప్పిన మాట రాశాడు. కింద సంతకం పెట్టాడు.

"పాపం అనిపిస్తోందా సార్?" అని మెల్లగా అడిగింది తులసి.

"లేదు" అన్నాడు కోదండరామయ్య. "నీకు?"

"నాకూ లేదు సార్" అని తులసి తన ప్రతి పట్టుకుని వరసలో నిలబడింది.

గంటన్నర గడిచాక భాస్కరరావు కలం కింద పెట్టి, వేళ్ళు విరుచుకున్నాడు. "చెయ్యి పడిపోతోందమ్మా. ఇక చాలు."

మునీరా వరస చివరిదాకా చూసి లెక్కపెట్టుకుంది.

"ఇంకా నూట ఎనభైమంది ఉన్నారండీ. కంగారు లేదు, నెమ్మదిగానే రాయండి" అని తరవాతి పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది.