బండ మీది బిళ్లలు

“రోజూ ఎవరో మా తలుపు మారుస్తున్నారండీ,” అంది దర్జీ. కూర్చోమన్నా కూర్చోలేదు. “నిన్న పడిన గడియ ఈరోజు పడటం లేదు. మా అన్నయ్యేమో నాకు మతి పోయిందంటాడు.”

డిటెక్టివ్ ఆవిడ ఇంకా వింటూనే ఉంది. ఆవిడ సహాయకుడు మాస్టారు, రిటైరైన డ్రాయింగు టీచరు, అప్పటికే చెప్పులు తొడుక్కున్నాడు. కుదురుగా ఉండటం ఆయన వల్ల కాని పని.

దర్జీ కొట్టూ, వెనక ఆమె ఉండే గదీ ఒక ఎత్తయిన రాతిగోడకు ఆనుకుని ఉన్నాయి. గోడ వెనక కొండమట్టి. గోడ జరుగుతోందేమోనని ఆమె చేసిన ఫిర్యాదు మీద ఇంజనీరు ఫోటోలతో కొలిపిస్తున్నాడు. ఆ ఫోటోలు తీసేది ఇంజనీరు దగ్గర పనిచేసే ఆమె అన్నయ్యే. గోడ నిండా గుండ్రటి తెల్ల బిళ్లలు అంటించి, రకరకాల కోణాల నుంచి ఫోటోలు తీస్తే, ఏ బిళ్ల ఎక్కడుందో కంప్యూటరు గోరుమందం తేడా లేకుండా లెక్కగడుతుంది. ఎదురుగా పంపు గది పక్కనున్న బండ మీద ఇంకొన్ని బిళ్లలు. బండ కదలదు కనక గోడను దానితో పోల్చి చూస్తారు.

“వెంట్రుకవాసి కూడా జరగలేదు మేడమ్,” అన్నాడు ఇంజనీరు. “సాయంత్రం ఫైలు మూసేస్తున్నాను.”

ఆవిడ గడియ చూసింది. మేకుల మీద తుప్పు చెక్కుచెదరలేదు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

“గడియ కాదు, గుమ్మమే వంగింది,” అని, పాత ఫోటోలూ కొత్తవీ మాస్టారి ముందు పెట్టింది. “మీ కంటికి ఏం కనబడుతోంది?”

“పాతవాటిలో బండ బిళ్లల చుట్టూ నాచు ఉందమ్మా. వానల తర్వాతివాటిలో సిమెంటు పూత.”

ఆవిడ అందరినీ కొట్టు ముందుకు పిలిచింది.

“ఫోటోలు అబద్ధం చెప్పలేదు. బండ బిళ్లలు ఇప్పుడు పంపు గదికి ఉన్నాయి. ఆ గది కట్టింది గోడ ఉన్న మట్టి మీదే. రెండూ కలిసి జారుతున్నాయి. పక్క సీటువాణ్ణి చూస్తూ కూర్చుంటే బస్సు కదిలినట్టు తెలుస్తుందా? ఆ బిళ్లల్ని మార్చగలిగేది ఫోటోలు తీసే మనిషి ఒక్కరే.”

అన్నయ్య తల వంచుకున్నాడు.

“వానకి ఊడిపోయాయండీ. తడి బండకి జిగురు పట్టలేదు. ఆరేదాకా ఆగితే సారు తిడతారని పంపు గదికి అంటించి, లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలెట్టా. అదీ గట్టి గోడేగా అనుకున్నా. తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదు.”

“నీ చెల్లెలు పడుకునేది ఆ గోడ కిందే కదయ్యా,” అన్నాడు మాస్టారు. ఆయనకు ఒళ్లూ మండింది, జాలీ వేసింది.

ఇంజనీరు ఫోను తీశాడు. గోడ వెంట ఉన్న ఇళ్లన్నీ ఖాళీ చేయించమని అరిచాడు. అందరూ రోడ్డు మీదికి వస్తుంటే అన్నయ్య మాత్రం లోపలికి పరిగెత్తి, కుట్టు మిషన్ను ఒక్కడే ఈడవసాగాడు. దర్జీ వెళ్లి అతని చొక్కా పట్టుకుంది.

“వదిలెయ్ అన్నయ్యా. ఇది పోతే ఇంకోటి తెచ్చుకుంటాను. నువ్వు నడు ముందు.”