312వ పేజీ తర్వాత

"మనవాళ్ళు తొమ్మిది మంది. వాళ్ళ పేర్లు సాయంత్రం ఐదుకి బయటికి వెళ్తే తొమ్మిది మందీ చస్తారు," అన్నాడు చీఫ్. "పంపేవాళ్ళు మన ఊరి లైబ్రరీ బుక్ క్లబ్‌లో ఉన్నారు. ఈ నెల క్లబ్ చదువుతున్న పాత నవలే వాళ్ళ కోడ్ బుక్."

"ఎలా పట్టుకోను?" అన్నాడు ఏజెంట్.

"మన ఎడిషన్ 312వ పేజీతో సరి. నిద్రపోతున్న కూతుర్ని వదిలేసి తల్లి వెళ్ళిపోతుంది. శత్రుదేశపు ఎడిషన్‌లో ఇంకో అధ్యాయం ఉంది. అది తెలిసినవాళ్ళే మనక్కావాలి."

నాలుగున్నరకి ఏజెంట్ రిటైర్డ్ గుమాస్తా వేషంలో రీడింగ్ రూములో కూర్చున్నాడు. చెవిలో హియరింగ్ ఎయిడ్. నిజానికది ట్రాన్స్‌మిటర్. ఎదురుగా హెడ్మాస్టారు, లైబ్రేరియన్, డాన్స్ టీచర్. ఆవిడ అందం చూడ్డానికే సగం మంది పుస్తకం తెరవకుండా వచ్చేవారు. రెండేళ్ళుగా మనవాళ్ళకీ కబుర్లు చేరవేస్తోంది. ఇక్కడివి అటూ చేరవేస్తోందని మనవాడి అనుమానం. ఆవిడ ఆరేళ్ళ కూతురు కింద పిల్లల సెక్షన్‌లో బొమ్మలు గీసుకుంటోంది. మెట్లెక్కుతూ చూశాడు. ఎక్కడ గుచ్చాలో అప్పుడే తెలిసింది.

"నవల్లో కూతుర్ని వదిలేసి పోయిందే, అదీ ఒక తల్లేనా అండీ?" అన్నాడు, చెవిటివాడిలా గట్టిగా.

"ఏం అవస్థలో వెళ్ళిందో," అంది డాన్స్ టీచర్, చేతిలో లిప్‌స్టిక్ తిప్పుతూ.

"ఏం అవస్థ? అలాంటి తల్లి చచ్చిందనుకుంటేనే ఆ పిల్లకి మంచిది."

హెడ్మాస్టారు తలూపారు. ఐదుకి రెండు నిమిషాలుంది. కింద పుస్తకాలు వాపసు వేసే రిటర్న్ బాక్స్ దగ్గర వ్యాన్ ఆగింది. ఆవిడ లేచి తలుపు దాకా వెళ్ళింది. అలాగే వెళ్ళిపోయి ఉంటే బతికిపోయేది, పాపం. ఆగింది.

"తిరిగొచ్చిందిగా," అంది వెనక్కి తిరిగి. "మూడేళ్ళ తర్వాత, వానలో తడుస్తూ, కూతురి కోసమే వచ్చింది. పూర్తిగా చదవకుండా నోటికొచ్చినట్టు మాట్లాడకండి."

"పేజీ తిప్పండి," అన్నాడు మనవాడు నెమ్మదిగా. అది కోడ్ వర్డ్. తలుపవతల నుంచి ఇద్దరొచ్చి ఆవిడ చేతులు పట్టుకున్నారు. లిప్‌స్టిక్ గొట్టంలో చుట్టిన కాగితం దొరికింది, నిండా పేజీ నంబర్లు. ఐదు కొట్టేసరికి వ్యాన్ డ్రైవర్‌కీ బేడీలు పడ్డాయి.

"పాప కింద ఉంది," అంది ఆవిడ. "ఒక్కసారి చూసి వస్తాను."

"టైము లేదు," అన్నాడు మనవాడు. టైముంది. అయినా వెనక మెట్ల మీదుగా దింపమన్నాడు.

హెడ్మాస్టారు తన పుస్తకం ఆఖరి పేజీ అటూ ఇటూ తిప్పి చూశారు. "అయితే ఆ తల్లి తిరిగొస్తుందన్నమాట?"

మనవాడు హియరింగ్ ఎయిడ్ తీసి జేబులో వేసుకున్నాడు.

"మన ఎడిషన్‌లో రాదు మాస్టారూ."