కుడికంటి చుట్టూ సిరా

పొద్దున్నే తొకుజి టీ పోస్తే సగం కప్పులో, సగం బల్లమీద పడింది. కప్పే పక్కకి జరిగిందన్నాడు. కప్పులు నడిచే ఇల్లయితే ఇంత బాధెందుకు అనుకుంటూ కూతురు మిసుజు గుడ్డతో తుడిచింది. తొకుజి వెదురు బుట్టలు అల్లి బతికిన మనిషి. డెబ్బై మూడేళ్ళొచ్చాయి. రెండేళ్ళుగా కళ్ళలో శుక్లాలు ముదిరి, ఈనెకీ ఈనెకీ మధ్య సందు కనపడక వేళ్ళతో తడుముకుంటున్నాడు. ఆపరేషనుకి ముందు కొలతలు తీయించుకోవాలని ఆరోజు కూతురే ఆసుపత్రికి బయల్దేరదీసింది.

అక్కడ యంత్రం ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. కంట్లో పుట్టుకతో ఉన్న లెన్సు ఎంత లోపలుందో కొలిస్తే గానీ, దాని బదులు పెట్టే కొత్త లెన్సు ఏ నంబరుదో తేలదట. ఎడమ కన్ను చిటికెలో అయిపోయింది. కుడి కన్ను మూడుసార్లు కొలిచారు. మూడుసార్లూ ఒకటే లెక్క వచ్చింది. కుడి లెన్సు ఎడమదానికంటే వెనక్కి ఉంది, కాస్త ఒరిగింది కూడా.

"ఈ కంటికి ఎప్పుడైనా గట్టి దెబ్బ తగిలిందాండీ?" అని డాక్టరమ్మ అడిగింది.

"లేదు," అన్నాడు తొకుజి, ప్రశ్న పూర్తవకముందే.

దెబ్బ తగిలుంటే లెన్సుని పట్టి ఉంచే సన్నని పోగులు తెగి ఉంటాయనీ, అది తెలియకుండా చెయ్యి పెడితే లెన్సు కంటి అడుక్కి జారిపోవచ్చనీ ఆవిడ చెప్పింది. ఇంటికెళ్ళి గుర్తు తెచ్చుకోమంది. అంతవరకూ తేదీ ఇవ్వనంది.

ఇంటికొచ్చాక మిసుజు ఊరుకోలేకపోయింది. తాగి పడ్డావా, ఎవరితోనైనా కలబడ్డావా అని నిలదీసింది. ఆయన వెదురు ఈనెల కట్ట ముందుకి లాక్కుని విప్పసాగాడు.

"చెప్తే నీ సొమ్మేం పోతుంది నాన్నా? కన్ను పోతుందంటోంది ఆవిడ."

"పోయేది నా కన్నేగా. నీకెందుకు?"

ఆ మాట మిసుజుకి చురుక్కుమంది. అయితే తడుముకుంటూనే బతుకు, రేపట్నుంచి నేను రానని సంచీ భుజాన వేసుకుంది. అప్పుడు తల్లి ఫుసయే లేచి, గోడకున్న ఫోటో తీసి బల్లమీద పెట్టింది.

అది ఆ ఇంట్లో అందరికీ ఇష్టమైన ఫోటో. కొత్త సంవత్సరం మొదటి రోజున తీసింది. ఆరేళ్ళ మిసుజు చేతిలో చెక్క బ్యాటు, పక్కన కుడికంటి చుట్టూ నల్లటి సిరా సున్నాతో నవ్వుతున్న తండ్రి. కుంకుడు గింజలాంటి గట్టి గింజకి ఈకలు గుచ్చిన బంతిని చెక్కతో కొట్టే ఆట అది, జపాన్‌లో కొత్త సంవత్సరం పండగకి ఆడతారు. ఓడినవాళ్ళ మొహానికి సిరా పూయడం మామూలే. ఆ ఫోటో చూసి మిసుజు ఎన్నిసార్లు నవ్విందో లెక్కలేదు.

"ఆ సిరా మూడు రోజులు కడుక్కోలేదే మీ నాన్న. ఎందుకనుకున్నావు?" అంది ఫుసయే.

మిసుజు కొట్టిన బంతి సూటిగా కంట్లోనే తగిలిందట. గెలిచానని పిల్ల కుంచె పట్టుకుని పరిగెత్తుకొస్తే, ఆయన గొంతుక్కూర్చుని ఆ కన్ను చుట్టూనే పూయమని చూపించాడట. సిరా కింద కమిలిపోయిన సంగతి ఫుసయేకి తప్ప ఎవరికీ తెలియలేదు. పండగపూట తండ్రి కన్ను పొడిచిందని నాయనమ్మ జన్మంతా ఆ పిల్లని దెప్పుతుందని ఆయన భయం. భార్య చేత ఒట్టు వేయించుకున్నాడు.

"ముప్పై అయిదేళ్ళు నిలబెట్టాను. ఇంక నావల్ల కాదండీ," అంది ఫుసయే మొగుడితో.

తొకుజి తల వంచుకుని తన అరిచేతులు చూసుకున్నాడు. మిసుజు సంచీ కింద పెట్టి ఆసుపత్రికి ఫోన్ చేసింది. అవునండీ, దెబ్బ తగిలింది, కుడికంటికే అని చెప్పింది. ఎలా తగిలిందో రాసుకోవాలి చెప్పమంది అవతల నర్సు. మిసుజు ఫోన్ని అరచేత్తో మూసి, ఎలా తగిలిందో అడుగుతున్నారంది.

"బంతి నేనే సరిగ్గా తిప్పికొట్టలేకపోయానని రాసుకోమనవే," అన్నాడు వెనకనుంచి తండ్రి.

"నేనే కొట్టానండీ," అంది మిసుజు ఫోన్లో. ఆ తర్వాత ఏడుపు ఆపుకోలేకపోయింది.