నలభై ఒక్క చిరునామాలు

సర్వర్ రూములో ఆపరేటర్ కుర్చీలోనే వాలిపోయి ఉన్నాడు. మెడలో సూది. ఏసీ మెకానిక్ వేషంలో వచ్చిన ఏజెంట్ ముంగిస అతని నాడి చూసింది. లేదు. గడియారం చూసింది. పగలు పదకొండూ యాభై రెండు.

"మనవాణ్ణి చంపేశారు సార్. శత్రువుల పట్టిక సర్వర్లోకి ఎక్కేసింది," చెవిలోని మైకులో చీఫ్‌కి చెప్పింది.

ఏజెన్సీ పట్టికలో నలభై ఒక్కమంది. ఒక కాలమ్‌లో కోడ్ నంబరు, పక్క కాలమ్‌లో తలదాచుకునే ఇల్లు. పన్నెండు గంటల ఒక నిమిషానికి ఆ అడ్రసు ఏజెంటు ఫోనుకి వెళ్తుంది. ఫోన్ ఎటంటే మనిషి అటే. శత్రువుల పట్టికలోనూ అవే నంబర్లు. ఇళ్ళే వేరు. ప్రతి తలుపు వెనకా ఒక తుపాకీ. సరిగ్గా పన్నెండుకి, నంబరు కలిసిన ప్రతి వరసలో వాళ్ళ ఇల్లు తెచ్చి ఏజెన్సీ పట్టికలో పెట్టేలా అప్‌డేట్ కమాండ్ బిగించారు.

పదిహేడో నంబరు ముంగిస తమ్ముడు.

"కమాండ్ ఆపెయ్!" చెవిలో చీఫ్ అరిచాడు.

"పాస్‌వర్డ్ వేశారు సార్."

"సర్వరే ఆపెయ్!"

"అందరూ నడివీధిలో నిలబడతారు."

ముంగిస తెరంతా వెతికింది. అంతలో కంటబడింది. కమాండుకి తాళం వేసినవాళ్ళు తమ పట్టికని తెరిచే వదిలేశారు! స్క్రూడ్రైవర్ పిడి తిప్పింది; పెన్‌డ్రైవ్ బయటికొచ్చింది. వాళ్ళ పట్టికని అందులోకి కాపీ చేసి, గబగబా టైపు చేసి, ఎంటర్ నొక్కింది.

"చేతులెత్తు అక్కా."

గుమ్మంలో ఏజెంట్ అత్తరు. ఆరేళ్ళుగా ఏజెన్సీలో అందరి మతులూ పోగొట్టిన అందగత్తె. చేతిలో పిస్టల్.

"అక్కా అనకు. నాకున్నది ఒక్క తమ్ముడే."

"ఇంకాసేపట్లో వాడూ ఉండడులే."

పన్నెండు. తెర మీద అక్షరాలు: 41 వరసలు అప్‌డేట్ అయ్యాయి.

అత్తరు ఫోన్ తీసింది. "పని పూర్తి బాస్. నలభై ఒకటికి నలభై ఒకటీ." లెక్క చూసింది గానీ, ఒక్క ఇల్లూ చదవలేదు.

ముంగిస స్క్రూడ్రైవర్‌తో ఆమె మణికట్టు మీద ఒక్కటిచ్చింది. పిస్టల్ కిందపడింది. మరుక్షణం అత్తరు కూడా.

"ఏం చేశావే?"

"మా పట్టికలోని ఇళ్ళు ముందే మీ పట్టికలోకి ఎక్కించాను. నీ కమాండ్ మా ఇళ్ళు మాకే తెచ్చిపెట్టింది. థాంక్స్."

పన్నెండూ ఇరవైకి చీఫ్ చెప్పాడు: "పదిహేడు క్షేమంగా చేరాడు." ముంగిస గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. "మరి ఆ తలుపుల వెనకవాళ్ళు?" చీఫ్ అడిగాడు.

"పెన్‌డ్రైవ్‌లోని వాళ్ళ అడ్రసులన్నీ పంపించాను సార్. పాపం, ఎంతసేపట్నుంచో ఎదురుచూస్తున్నారు. మనవాళ్ళని కాస్త మర్యాదగా తలుపు కొట్టమనండి."