ముప్పైకి ఇరవై ఎనిమిది

నాచారంలో మంగళవారం పొద్దున ఎనిమిది. గౌతమి స్కూటీ తాళాలు మర్చిపోయి గుమ్మం దాకా వెళ్ళినదల్లా మళ్ళీ లోపలికి వచ్చింది. మామగారి గదిలోంచి మాటలు వినబడ్డాయి.

"నూటికెల్లి ఏడు తీస్తే?"

"తొంభై మూడు."

"మల్ల ఏడు?"

"ఎనభై ఆరు."

"శెభాష్! ఇగ ఆ మూడు మాటలు?"

"గొడుగు, జామపండు, తాళం."

"గట్లనే చెప్పాలె దవాఖానల. పదకొండు గంటలకు మర్చిపోకు."

గౌతమి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఆ లెక్క, ఆ మూడు మాటలు మామగారికి ఆసుపత్రిలో పెట్టే జ్ఞాపకశక్తి పరీక్షలోవి. పోయినసారి పరీక్షలో పక్కనే కూర్చున్న అత్తగారు సుశీలమ్మ ఆ ప్రశ్నల కాగితాన్ని కంఠతా పట్టేసి, మొగుడికి ఎక్కాల్లా అప్పచెప్పిస్తోంది!

హబ్సిగూడలోని పరిశోధనా సంస్థలో గౌతమి పదకొండేళ్ళుగా చేస్తున్న పని ఒక్కటే. రక్తంలోని చెడు మెదడులోకి పోకుండా ఒక గోడ కాపలా కాస్తుంది. అల్జీమర్స్ జబ్బులో ఆ గోడ ఎప్పుడు బీటలు వారుతుంది, ఎందుకు వారుతుంది? ఊళ్ళో వాళ్ళ మెదళ్ళ గురించి అంత తెలిసిన మనిషికి తన ఇంట్లో ఏం జరుగుతుందో తెలియలేదు. దీపం కిందే చీకటి. ఆరు నెలల కిందట మామగారు తిరుపతికి ఆ పరీక్షలో ముప్పైకి ఇరవై ఎనిమిది వస్తే, "మామయ్యకేం లేదు, వయసు మరుపే" అని ఇంటిల్లిపాదికీ స్వీట్లు పంచింది కూడా తనే.

"అత్తమ్మా! ఇదేం పని?"

సుశీలమ్మ ఉలిక్కిపడింది. అంతలోనే కొంగు బిగించింది. "ఏందే గట్ల ఒర్లుతవ్? రైల్వేల ప్రమోషన్ పరీక్షకు గూడ నేనే సదివించిన. పాసయిండు."

"ఇది పాసయ్యే పరీక్ష కాదు! జబ్బు మొదట్లోనే పట్టుకుంటే కొన్నాళ్ళైనా నిలబెట్టొచ్చు. మీ పుణ్యమా అని ఆరు నెలలు పోయాయి!"

అరుపులు విని దామోదర్ గడ్డం నురగతోనే పరుగెత్తుకొచ్చాడు. సంగతి వినీ వినకముందే పెళ్ళాం మీద లేచాడు. "అమ్మ మీద ఎందుకు గరమైతవ్? మా బాపును నీ ల్యాబ్ ఎలుక లెక్క సూడకు!"

ఆ మాట గౌతమికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. కళ్ళు మండాయి. అయినా వెనక్కి తగ్గలేదు. "ఎలుకల్ని చూస్తున్నాను కాబట్టే చెబుతున్నాను. ఇవాళ కొత్త కాగితంతో పరీక్ష పెట్టమని డాక్టర్‌గారికి ఫోన్ చేస్తాను. గదిలోకి అత్తమ్మ రాకూడదు."

సుశీలమ్మ కుప్పకూలినట్టు మంచం మీద కూర్చుంది. "మార్కులు తక్కువొస్తే ఏమైతదో నీకెర్కనా? మౌలాలిల మా అక్క మొగునికి గిట్లనే తక్కువొచ్చినయ్. కొడుకులు గది బయట గొళ్ళెం పెట్టిన్రు. ఆయన తలుపు కొట్టి కొట్టి సచ్చిండు. నా మొగున్ని గట్ల కానియ్య."

గౌతమి కోపమంతా ఎటు పోయిందో! అల్మారా కింద పాత పనిముట్ల డబ్బా వెతికి స్క్రూడ్రైవర్ తెచ్చింది. మామగారి గది తలుపుకు బయటివైపు ఉన్న గొళ్ళెం ఊడదీయడం మొదలుపెట్టింది. తుప్పు పట్టిన స్క్రూ ఊడలేదు. దామోదర్ నురగ తుడుచుకుని వచ్చి తనూ చెయ్యి వేశాడు. గొళ్ళెం ఊడి గౌతమి చేతిలోకి వచ్చింది.

"ఎన్ని మార్కులొచ్చినా ఈ తలుపుకి బయట గొళ్ళెం ఉండదు అత్తమ్మా. నేనున్నంత వరకూ ఉండదు. ఇక పదండి."

ఉప్పల్ ఆసుపత్రిలో తిరుపతి ఒక్కడే లోపలికి వెళ్ళాడు. బయట సుశీలమ్మ పెదాలు కదుపుతూనే ఉంది. అరగంట తర్వాత డాక్టర్ అందరినీ పిలిచాడు. ముప్పైకి పదిహేడు. దామోదర్ తల దించుకున్నాడు.

"ఇంట్లో ఎలా ఉంటున్నారో నిజం చెప్పాలి. దాన్నిబట్టే మందు," అన్నాడు డాక్టర్.

గౌతమి నోరు తెరవబోయింది. సుశీలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నేను చెప్త సారూ. దీనికేమెర్క, పొద్దంత డ్యూటీల ఉంటది. రెండేండ్లయితంది. బజారుకు పోతే తొవ్వ మర్చిపోతుండు, నేను ఎన్కనె పోతున్న. అంగీ గుండీలు నేనే పెడ్తున్న." మొగుడి వంక చూసి, మళ్ళీ డాక్టర్ వైపు తిరిగింది. "నెల సంది నన్ను 'అవ్వా' అని పిలుస్తుండు. కన్నతల్లి అనుకుంటుండు. భయపడ్తడని నేను గూడ 'ఆఁ బిడ్డా' అంటున్న సారూ. యాభై ఏండ్ల కాపురం. రాసుకోన్రి."

దామోదర్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. గౌతమి ఏడుపు ఆపుకోలేదు, ఆపుకోవాలనీ అనుకోలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని అత్తగారి చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఇంకా చెప్పండి అత్తమ్మా."

సుశీలమ్మ కళ్ళు తుడుచుకుని మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. ఈసారి ఒక్కటీ దాచలేదు.